బోధను బాటలో ఉఱుము

మేఘసందేశమును మా తండ్రిగారు మాకు ఇంటనే చెప్పిరి. అందు యక్షుడు మేఘుని వేడుకొనుచు, ఉజ్జయినిలో చీకటి రాత్రి బాట నడుచు స్త్రీలకు మెఱుపుతో దారి చూపుమనియు, ఉఱిమి మాత్రము వారిని బెదరింపవలదనియు కోరును. చదువుకొన్న నాడు ఆ ఘట్టము మాకు మిక్కిలి మనోహరముగ తోచినది. గత వేసవి చివర నిజామాబాదు నుండి బోధనునకు సైకిళ్లపై పోయి, తిరుగుబాటలో గాలివానకు చిక్కి, ఊరుపేరు లేని పరిచయముతో ఒక వృద్ధురాలి యింట తలదాచుకొన్న పిమ్మట, ఆ కోరిక మనము కోరదగినది కాదని తెలిసికొంటిమి. సోదరీమణులారా, ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే ఇది వ్రాయుచున్నాము.

మా వారు నిజామాబాదులో బడిపంతులు. మా అమ్మాయికి పదుమూడేండ్లు. బడి మా యింటికి నాలుగు కిలోమీటర్లు. ఇన్నాళ్లు ఆటోలో పోయి వచ్చుచుండెను. ఈ యేడు సైకిలుపై పోయెదనని పట్టుపట్టినది. తండ్రి వెంటనే సమ్మతించిరి. మేము మాత్రము వెనుకాడితిమి. సైకిలన్న మాకు వ్యతిరేకత లేదు. మా పెండ్లియైన కొత్తలో మా వారే మాకు దానిని నేర్పిరి. నేటికిని అంగడికి దానిపైననే పోవుదుము. అయినను తాను త్రొక్కుట వేఱు, కన్నబిడ్డను రహదారిపైకి పంపుట వేఱు. చివరకు ఒక ఒప్పందమునకు వచ్చితిమి. బోధనులో మా పెద్ద వదినె యున్నారు. సుమారు 25 కిలోమీటర్ల దూరము. తల్లీబిడ్డలము ఇద్దఱము పోయి రావలయును. అమ్మాయి సరిగా త్రొక్కినచో బడికి సైకిలే.

రోహిణి కార్తె నడుచుచుండెను. తెల్లవాఱక మునుపే బయలుదేరితిమి. పాతవారు నేటికిని ఇందూరనియే పిలుచు ఈ పట్టణము ఆ వేళ చల్లగా నుండును. దుర్గము గుట్టపై రఘునాథాలయము మసకగా కనబడుచుండెను. ఆ కోటలోని చెఱసాలలోనే దాశరథి కృష్ణమాచార్యులవారు నిజాము ప్రభుత్వ కాలమున బందీయై యుండిరి. పసుపు బేరమునకు పేరొందిన అంగడి దాటి బోధను దారి పట్టితిమి. సారంగాపురమున హనుమంతుని గుడి కలదు. శివాజీ గురువైన సమర్థ రామదాసుస్వామి దానికి మూలపురుషుడని స్థానికులు చెప్పుదురు. అక్కడ దండము పెట్టి, చెంబెడు నీరు త్రాగి, జానకంపేట చేరునప్పటికి ఎండ పొడిచినది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయమును, ఎనిమిది మూలల కోనేటిని మా అమ్మాయి మొదటిసారి చూచినది. బోధనునకు పోవు రైలుదారి ఇక్కడనే చీలును.

జానకంపేట దాటినది మొదలు నేల రంగు మాఱును. నల్లరేగడి, కాలువలు, చెఱకు. ఈ సీమకు ఈ భాగ్యము మంజీర యిచ్చినది. 1923లో పని మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఆ నదికే అడ్డుకట్ట. నవాబ్ అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు పర్యవేక్షణలో దానిని నిర్మించిరి. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని మొదటి సంకల్పము. ఆ నీటిని నమ్మియే చెఱకు పెరిగినది. ఆ చెఱకును నమ్మియే బోధనులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొన్నది. ఒకప్పుడు ఆసియాఖండమున అంత పెద్దది లేదని చెప్పుకొనెడివారు. దాని చుట్టు ఏర్పడిన పేట పేరే శక్కర్‌నగరము. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయినది. 2015 డిసెంబరున మూతపడినది. దారికి రెండు వైపుల ఒకప్పుడు విడువని చెఱకుతోటలుండెడివని మా వదినెగారు చెప్పుదురు. ఇప్పుడు చెఱకు మడి కొకటి, వరి కోసిన పొలములు పది. చెఱకు కొంత ఎత్తుగ నిలుచును గనుక గాలిని ఆపును. కోసిన పొలము ఆపదు. ఆ భేదమును సాయంకాలమున మా సైకిళ్లే మాకు తెలిపినవి.

బోధనును ఏకచక్రపురమని చెప్పుదురు. పాండవులు బ్రాహ్మణవేషమున తలదాచుకొన్నదియు, భీముడు బకాసురుని చంపినదియు ఇచ్చటనే యని స్థలపురాణము. వదినెగారి యింట కాళ్లు కడుగుకొని కూర్చున్నప్పుడు మేము ఆ కథను అమ్మాయికి చెప్పితిమి. ఆమె విని, "కుంతి తన కొడుకునే రాక్షసుని కడకు ఎట్లు పంపినదమ్మా?" అని యడిగినది. "భీముని బలము ఆమెకు తెలియును గనుక" అంటిమి. అప్పుడు ఆ మాట తేలికగనే పలికితిమి.

మధ్యాహ్నము రెండు గంటలకే తిరుగు ప్రయాణము కావలయునని మా సంకల్పము. భోజనమైనది, వదినెగారు సకినాలు మూట కట్టిరి, పొరుగింటివారు వచ్చిరి, నాలుగయినది. పడమట మబ్బు నల్లగా లేచుచుండెను. వదినెగారు, "ఈ రాత్రి ఉండి పొండు; మృగశిర దగ్గఱకు వచ్చినది, ఈ మబ్బు ఊరక పోదు" అనిరి. మేము వినలేదు. దీపము పెట్టు వేళకు ఇంటనుండెదమని మా వారికి చెప్పి వచ్చితిమి. చెప్పిన వేళకు ఇల్లు చేరుట మాకు చిన్ననాటి నుండి వచ్చిన పట్టింపు. గృహిణి ఆలస్యముగ వచ్చినచో ఇల్లే తప్పిపోయినట్లు భావించు ఇండ్లలో పెరిగినవారము. వాన రాకమునుపే దాటిపోయెదమనుకొంటిమి. మీలో ఎందఱో మావలెనే అనుకొనియుందురు.

ఎడపల్లి దాటగనే గాలి తిరిగినది. వేసవి చివరి మబ్బులలో వానకంటె ముందు గాలి దిగును. పైనుండి చల్లగాలి కుమ్మరించినట్లు పడి నేలమీద నలుదిక్కులకు పాఱును. దుమ్ము కన్నులలో పడినది. గాలి పక్కనుండి కొట్టుటచే సైకిలు బాట నడుమకు ఒరుగుచుండెను. వెనుకనుండి వచ్చిన లారీ దాటునప్పుడు ఒక నిమేషము గాలి ఆగి, అది పోగానే మరల రెట్టింపుగ తాకెను. మేము దానికి ఎదురుగ బలము చూపుచుండగ, ఆ నిమేషమున అడ్డు తొలగి, సైకిలు లారీ వైపే త్రుళ్లినది. ఇది బాగుగ గుర్తుంచుకొనదగిన సంగతి. గాలిలో పెద్ద బండి దాటుచున్నప్పుడు దిగి నిలుచుటే మేలు. అమ్మాయి చున్నీ కొంగు వెనుక చక్రపు పుల్లలలో చిక్కబోయి త్రుటిలో తప్పినది. దిగి, ఆమె చున్నీని నడుమునకు బిగించి, మా కొంగును దోపుకొంటిమి.

పిమ్మట వాన. తొలివాన నేలపై నూనెను, రేగడి మన్నును కలిపి జిగురు చేయును. బ్రేకు నొక్కితిమి, అది పట్టలేదు. తడిసిన చక్రమునకు రబ్బరు దిమ్మలు వెంటనే పట్టవని మా వారు పూర్వము చెప్పియుండిరి. ముందుగనే మెల్లగా నొక్కి నీటిని తుడుచుచు పోవలయును. నీరు నిండిన గుంట ఎంత లోతో తెలియదు. రైలు పట్టాలు దాటు చోట ఏటవాలుగ పోయినచో చక్రము జాఱును. నిలువుగ దాటవలయును, లేదా దిగి నడిపించుకొనవలయును. ఇవి అన్నియు పడి గాయపడు అపాయములు. వీనికి మించినది ఇంకొకటి ఆకాశమున సిద్ధమగుచుండెను.

తూర్పున తెల్లని గీత మెఱసినది. అమ్మాయి లెక్కపెట్టినది, బడిలో నేర్పిరట. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరము. వెలుగు తక్షణము వచ్చును; శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లే నడుచును. మొదట ఇరువది నాలుగు వచ్చినది, అనగా ఎనిమిది కిలోమీటర్లు. దూరముననే యున్నదని మేము ఊరటపడితిమి. అదియే పొరపాటు. ముప్పదిలోపల ఉఱుము వినబడినచో పిడుగు మనపై పడగల దూరముననే మబ్బున్నదని అర్థము. పిడుగు ఒక్కొక్కమారు వాన పడుచోటికి పది కిలోమీటర్ల అవతల కూడ పడును. రెండవసారి పండ్రెండు. మూడవసారి ఆఱు.

బాట పక్కన గొప్ప చింతచెట్టు. దాని క్రింద నేల ఇంకను పొడిగ నున్నది. మేము సైకిళ్లు అటు త్రిప్పితిమి. అంతలో బాటకావల పొలము గట్టున నున్న ఒక డాబా యింటి గడపనుండి ఒక కేక వినబడెను.

"బిడ్డా! చెట్టు కింద నిలవడకుండ్రి! పిడుగు వడ్తది! ఉరికి రాండ్రి, ఇంట్లకు రాండ్రి!"

ఆ గొంతులోని కోపము మా కన్నతల్లి కోపమువలె నుండెను. సైకిళ్లను అక్కడనే పడవైచి పరుగెత్తితిమి. ఇంటిలో అడుగుపెట్టి, ఆమె ఇచ్చిన పాత చీరతో తల తుడుచుకొనుచుండగ, ఇల్లంతయు తెల్లబడినది. లెక్కపెట్టుటకు వ్యవధి లేదు. వెలుగు, చప్పుడు ఒక్కటిగ వచ్చినవి. కొంత సేపటికి కిటికీలోనుండి చూడగ, చెఱువుగట్టున నున్న తాటిచెట్టు తల మండుచుండెను. చింతచెట్టు చెక్కుచెదరక నిలిచియుండెను. అయినను మా మోకాళ్లలో వణకు చాల సేపు తగ్గలేదు. ఏ చెట్టుపై పడునో మబ్బునకే తెలియదు.

ఆ పెద్దమ్మ పొయ్యిపై చాయ పెట్టినది. తన సంగతి రెండు ముక్కలలో చెప్పినది. "నా ఎడ్లు రెండు ఆ చింత కిందనే పోయినయ్, బిడ్డా. చెట్టుకు కట్టేసి ఉండె. చెట్టుకు ఏం గాలే." అంతకు మించి ఆమె మాటాడలేదు. చెట్టు బ్రతికి ఎడ్లు చచ్చుట ఎట్లని మాకు అప్పుడు తోచలేదు. ఇల్లు చేరిన పిమ్మట మా వారు వివరించిరి. పిడుగు చెట్టుపై పడిన తరువాత ఆ విద్యుత్తు నేలలో నలుదిక్కులకు వ్యాపించును. నేలపై ఎడముగ నున్న కాళ్ల నడుమ దాని ప్రభావములో హెచ్చుతగ్గు లేర్పడి, ఒక కాలినుండి శరీరములోనికి ఎక్కి మఱియొక కాలినుండి దిగును. పశువుల కాళ్లు ఎడముగ నుండుటచే వానికి అపాయ మెక్కువ. చెట్టు మానునుండి పక్కనున్న మనిషిపైకి దూకుటయు కలదు. కనుక చెట్టు నీడ వానను ఆపునే గాని పిడుగును పిలుచును.

మా తరమువారికి ఇంకొక నమ్మకము కలదు: సైకిలు చక్రములకు రబ్బరున్నది గనుక పిడుగు ఏమియు చేయదని. మేమును దానిని నమ్మినవారమే. మైళ్ల దూరము గాలినే చీల్చుకొని వచ్చు దానికి బొటనవ్రేలంత రబ్బరు అడ్డమా? మెఱుపు దారిలో వేడిమి సుమారు ముప్పది వేల డిగ్రీలు. సూర్యుని ఉపరితలము కంటె అయిదింతలు. కారులో కూర్చున్నవారిని కాపాడునది దాని రబ్బరు కాదు, చుట్టునున్న లోహపు కవచము. సైకిలునకు ఆ కవచము లేదు. సైకిలు ఇనుము పిడుగును ప్రత్యేకముగ ఆకర్షింపదు. కాని చదునైన పొలముల నడుమ ఎత్తుగ కదలుచున్న వస్తువు మనమే యగుదుము.

పిడుగు పడునప్పుడు అర్జునుని పది పేర్లు చెప్పుకొనుమని పెద్దలు మనకు నేర్పిరి. విరాటపర్వమున ఉత్తరునికి అర్జునుడే ఆ పేర్లు చెప్పిన కథ మనకందఱకు తెలియును. ఆ సాయంకాలము ఆ పెద్దమ్మయు, మేమును, ఇద్దఱమును చెప్పుకొంటిమి. భయము తగ్గినది. ఐతే ఇంటిలోపల చెప్పుకొంటిమి. పేర్లు మనస్సును నిలుపును. గోడలు దేహమును నిలుపును. ఇందు ఒకదానికి ఒకటి విరోధము లేదు. విద్యకూడ ఒక్కతే చాలదు. 1753లో రష్యాదేశపు సెంట్ పీటర్సుబర్గు నగరమున రిచ్‌మన్ అను పండితుడు మెఱుపును పరిశోధించుచు దానిచేతనే మరణించెను. మన దేశమున ప్రతి సంవత్సరము రెండు వేల మందికి మించి పిడుగుపాటున చనిపోవుచున్నారు. వారిలో పెక్కుమంది పొలములలో పనిచేయువారు.

అమ్మాయి తండ్రికి ఫోను చేసినది. మేము గట్టిగ ఊపిరి పీల్చి, కోపముగ మాటాడుదురేమో యని చూచుచుంటిమి. ఆయన, "ఎక్కడనున్నారో అక్కడనే యుండుడు, తొందర లేదు" అనిరి. అమ్మాయి ఫోను పెట్టి మా వైపు చూచి మెల్లగ, "అమ్మా, నీవైతే అట్లు అనియుండెడి దానవు కావు" అన్నది.

ఏమని యడిగితిమి. అప్పుడు చెప్పినది. కిందటి యేడు వర్షాకాలమున ఒకనాడు ట్యూషను నుండి స్నేహితురాలి సైకిలు వెనుక కూర్చుండి, ఉఱుములలో, చీకటిలో వచ్చినదట. స్నేహితురాలి తల్లి ఆగిపొమ్మని బ్రతిమాలినను ఆగలేదట. "అంతకు ముందు వారము అరగంట ఆలస్యమునకు నీవు రెండు దినములు మాటాడలేదు గదా. నాకు పిడుగు కంటె నీ మౌనమే భయము" అన్నది.

సోదరీమణులారా, ఆ రోజున రెండు పిడుగులు పడినవి. రెండవది ఆ యింటిలోపలనే పడినది. కుంతి భీముని బలమెఱిగి పంపినది. మేము మా బిడ్డ బలమెంతో ఎఱుగకయే, మా కోపముతో ఆమెను మబ్బు క్రిందికి తోలితిమి. ఆ సాయంకాలము మేము వదినెగారి మాట వినకుండ బయలుదేరుటకును కారణ మదియే గదా. తల్లికి ఆలస్యమన్న భయము; ఆ భయమునే బిడ్డకు ఆస్తిగ ఇచ్చితిమి.

ఉఱుము ఆగిన తరువాత అరగంట వేచితిమి. చివరి ఉఱుము మొదలుకొని ముప్పది నిమిషములు గడువక బయటికి రాకూడదు; నడుమ ఒక్కటి వినబడినను లెక్క మరల మొదటినుండి పెట్టవలయును. వెలికివచ్చి చూడగ చీకటి పడుచుండెను. బాటకడ్డముగ కొమ్మ కూలి, కరెంటు తీగ నీటిలో పడియుండెను. తీగ తెగిన చోట నీటిలో అడుగు పెట్టరాదు. పెద్దమ్మ కొడుకు విద్యుత్తు కార్యాలయమునకు ఫోను చేసి, తెలిసిన ట్రాలీ ఆటో నొకదానిని మఱియొక దారిన పిలిపించెను. సైకిళ్లను దానిలో వైచుకొని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితిమి. సకినాల మూట పెద్దమ్మకే ఇచ్చి వచ్చితిమి. మా వారు గుమ్మమున నిలుచుండి, అమ్మాయి తల నిమిరి, "అన్నము తిన్నారా?" అని మాత్రమే యడిగిరి.

ఇంటనున్న మనము తెలిసికొనవలసినవి కొన్ని కలవు. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు దామిని యను యాప్ నొకదానిని నిర్మించిరి. పిడుగు దాపునకు వచ్చుచుండగ ఫోనులో హెచ్చరించును. దామిని యనగా మెఱుపే. బయలుదేరకమునుపు దానిని చూడవలయును. దారిలో ఉఱుము వినబడినచో పక్కా యింటిలోనికో, బస్సులోనికో, మూసిన కారులోనికో పోవలయును. పక్కలు తెఱపిగ నున్న పశువుల కొట్టము, బస్సులాగు చప్పరము వాననే ఆపును. ఏదియు దొరకనిచో సైకిలు దిగి, దానిని దూరముగ పడుకొనబెట్టి, చెట్లకు, స్తంభములకు, నీటికి ఎడముగ పల్లపు చోట పాదములు రెండును చేర్చి గొంతుక్కూర్చుండవలయును, నేలపై పరుండరాదు. గొడుగు పట్టుకొని సైకిలు త్రొక్కుట ఎన్నడును కూడదు. ఎవరిపైననైన పిడుగు పడినచో వారిని తాకుటకు వెఱవనక్కఱ లేదు. వారి దేహమున విద్యుత్తు నిలిచియుండదు. ఊపిరి ఆగినచో 108కు ఫోను చేయించి, వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగ, వేగముగ నొక్కుచుండవలయును. ఆ కొద్ది నిమిషములలో బ్రదికినవారు కలరు.

బడులు తెఱచిరి. అమ్మాయి సైకిలుపైననే పోవుచున్నది. తలుపు లోపలి వైపున మేము ఒక కాగితము అంటించితిమి. దానిపై బడికిని ఇంటికిని నడుమ నున్న మూడు తెలిసిన యిండ్ల పేర్లు, వారి ఫోను అంకెలు వ్రాసితిమి. ఆ మూడిండ్లకును మేమే పోయి, "మా అమ్మాయి వాననాడు వచ్చి కూర్చుండును, పంపవలదు" అని చెప్పి వచ్చితిమి. కాగితము అడుగున అమ్మాయి తన చేతితో ఒక మాట చేర్చినది: "ఆలస్యమునకు అమ్మ కోపపడదు." దానిని చూచినప్పుడెల్ల సిగ్గగును, అయినను చింపలేదు.

మొన్న ఆశ్లేష కార్తెలో సాయంకాలము ఉఱిమినది. అయిదున్నర, ఆఱు, ఆఱున్నర. మేము గుమ్మమున నిలుచుంటిమి. కోపము వచ్చినది; ఫోను మ్రోగినది; "ఇక్కడనే యున్నానమ్మా" అన్నది. "ఉండుము" అంటిమి. ఆ ఒక్క మాట పలుకుటకు మాకు ఇన్నేండ్లు పట్టినది.

యక్షుడు ఉఱుమవలదని మేఘుని వేడెను. మేము వేడుకొనము. మెఱుపు దారి చూపునది కాదు. ఉఱుము బెదరించునది కాదు. నిలువుమని చెప్పుటకు మబ్బునకున్న మాట అదొక్కటే. దానిని బిడ్డలు వినవలయునన్నచో, ఇంటిలోని మన గొంతు దానికంటె పెద్దది కాకుండవలయును.